మన కాళ్ల కింది నేల
భూఫలకాలు, భూకంపాలు, అగ్నిపర్వతాలు: విద్యార్థులకు ఒక పాఠం, పెద్దలకు ఒక మాట

2024 డిసెంబరు 4, బుధవారం ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా మేడారం పరిసరాల్లో నేల కదిలింది. రిక్టర్ స్కేలుపై తీవ్రత 5.3. హైదరాబాద్, వరంగల్, ఖమ్మం దాకా జనం ఇండ్లలోంచి బయటికి వచ్చారు. ప్రాణనష్టం జరగలేదు. మరుసటి ఏడాది మే 5 సాయంత్రం కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్ వైపు మరోసారి నేల కొద్ది సెకన్లు అదిరింది.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, 4 గంటలు కావస్తుండగా, మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి దగ్గర కూడా నేల కదిలింది. తీవ్రత 6.2. వినాయక నిమజ్జనం ముగించుకుని పొద్దుపోయాక పడుకున్న ఊళ్లు అవి. లెక్కలను బట్టి 8 వేల నుంచి 10 వేల మంది చనిపోయారు.

పటం తీసుకుని చిన్నకోడూరు మీద వేలు పెట్టండి. తూర్పుకు సుమారు 140 కిలోమీటర్లు జరిపితే మేడారం వస్తుంది. పడమరకు సుమారు 250 కిలోమీటర్లు జరిపితే కిల్లారి వస్తుంది. మూడూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. ఒకవైపు ప్రాణనష్టం లేని భూకంపం, మరోవైపు ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టిన భూకంపం. మధ్యలో మనం, మన బడులు, మన పిల్లలు. ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలియాలంటే ముందు భూమి లోపలికి తొంగిచూడాలి.

భూమి లోపల ఏముంది?

భూమి ఉపరితలం నుంచి కేంద్రం దాకా 6,371 కిలోమీటర్లు. అన్నిటికన్నా పైన ఉన్నది భూపటలం. ఖండాల కింద దీని మందం సాధారణంగా 30 నుంచి 40 కిలోమీటర్లు, సముద్రాల కింద ఇంకా తక్కువ. దాని కింద 2,900 కిలోమీటర్ల లోతు దాకా భూప్రావారం ఉంటుంది. అది ద్రవం కాదు, రాయే. అయితే లోపలి వేడికి, ఒత్తిడికి లక్షల ఏళ్ల కాలంలో మెల్లగా సాగుతూ కదులుతుంది. అంతకన్నా లోపల ఎక్కువగా ఇనుముతో కూడిన కేంద్రమండలం ఉంది. అందులో బయటి భాగం ద్రవం, నడిమి భాగం ఘనం.

భూపటలం, దానికి అంటుకున్న భూప్రావారపు పై భాగం కలిసి గట్టి శిలావరణం అవుతుంది. ఇది ఒకే ముక్కగా లేదు. పగిలిన పెంకులాగా కొన్ని పెద్ద ముక్కలుగా, మరికొన్ని చిన్న ముక్కలుగా ఉంది. ఆ ముక్కలనే ఫలకాలు అంటాం. జర్మనీ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వెజెనర్ 1912లో ఖండాలు కదులుతున్నాయని చెప్పినప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. సముద్రపు అడుగును కొలిచిన తరువాత, 1960ల్లో, ఫలకాల సిద్ధాంతంగా ఆ ఆలోచన నిలబడింది.

ఒక్క ఫలకం, మూడు రకాల అంచులు

ఫలకాలు కదిలేటప్పుడు వాటి అంచుల దగ్గర మూడు పనుల్లో ఒకటి జరుగుతుంది: విడిపోవడం, ఢీకొనడం, పక్కపక్కన రాసుకుంటూ పోవడం. ఈ మూడింటినీ చూపడానికి అరేబియా ఫలకం ఒక్కటే చాలు. మన జిల్లా నుంచి ఎందరో పనికి వెళ్లింది ఆ గడ్డకే. హజ్‌కు, ఉమ్రాకు వెళ్లేదీ అక్కడికే.

పడమట ఎర్రసముద్రం ఉంది. అక్కడ అరేబియా ఫలకం ఆఫ్రికా నుంచి దూరం జరుగుతోంది, ఏడాదికి ఒక సెంటీమీటరుకు పైగా. ఆ చీలికలోకి వచ్చిన నీరే ఎర్రసముద్రం. ఇది విడిపోయే అంచు. అదే ఫలకం ఈశాన్యాన ఇరాన్‌ను నెడుతోంది. నేల ముడతలు పడి జాగ్రోస్ పర్వతాలు లేచాయి. ఇది ఢీకొనే అంచు. ఉత్తరాన అది తుర్కియే ఉన్న అనటోలియా ఫలకాన్ని రాసుకుంటూ పోతోంది. రాసుకునే చోట రాళ్లు పట్టుకుపోయి ఏళ్ల తరబడి కదలకుండా ఉంటాయి, ఒత్తిడి మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఒక రోజు పట్టు తప్పుతుంది. 2023 ఫిబ్రవరి 6న తుర్కియే, సిరియా సరిహద్దులో జరిగింది అదే. తీవ్రత 7.8. రెండు దేశాల్లో కలిపి 50 వేలకు పైగా ప్రాణాలు పోయాయి.

మన భారత ఫలకం కథ ఇంకా పెద్దది. ఒకప్పుడు ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో కలిసి ఒకే మహాఖండంగా ఉండేది. దాని పేరు గోండ్వానా. గోండుల నేల పేరే ఆ మహాఖండానికి పెట్టారు. అక్కడి నుంచి విడిపోయి ఉత్తరానికి సాగిన మన ఫలకం సుమారు 5 కోట్ల ఏళ్ల కింద ఆసియాను ఢీకొంది. హిమాలయాలు అలా లేచాయి. ఇప్పటికీ మనం ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరం వైపు జరుగుతున్నాం. అరవై ఏళ్ల తాతగారు పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా ఆయన ఇల్లు, బావి, చెట్టు అన్నీ కలిసి 3 మీటర్లు జరిగాయన్నమాట. అంటే ఒక గది పొడవు. అన్నీ ఒక్కటిగా జరిగాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు.

అంచుకు దూరంగా ఉన్న తెలంగాణ ఎందుకు కదిలింది?

హిమాలయాల దగ్గర భూకంపం రావడం అర్థమవుతుంది, అది ఫలకం అంచు. మరి ములుగు? అది ఫలకం నడిమధ్యలో ఉంది కదా?

ఒక గుడ్డి లెక్క చూద్దాం. బల్ల మీద పాత చెక్క ఒకటి ఉంది. ఒక కొనను గోడకు ఆనించి రెండో కొనను గట్టిగా నెట్టండి. గోడ దగ్గర ఒత్తిడి ఎక్కువ, నిజమే. కానీ చెక్క మధ్యలో పాత పగులు ఉంటే అదీ చిటపటమంటుంది. భారత ఫలకం ఆసియాను నెడుతుంటే ఆ ఒత్తిడి ఫలకం అంతటికీ పాకుతుంది. లోపల పాత పగుళ్లు ఉన్నచోట బయటపడుతుంది.

అలాంటి పాత పగుళ్ల వరసే మన ప్రాణహిత-గోదావరి లోయ. గోండ్వానా కాలంలోనే అక్కడ నేల చీలి, కుంగి, పొడవైన పల్లం ఏర్పడింది. ఆ పల్లంలో పూడిపోయిన అడవులే ఈనాటి సింగరేణి బొగ్గు. అంటే మనకు బొగ్గునిచ్చిన చీలికే అప్పుడప్పుడు మనల్ని కదిలిస్తోంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపం, 2024లో ములుగులో వచ్చినది, రెండూ ఈ లోయకు చెందినవే.

చిన్నకోడూరు చుట్టూ ఉన్నది గ్రానైట్ నేల. దక్కను గ్రానైట్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. గట్టి నేల, నెమ్మదైన నేల. కానీ నెమ్మదైనది అంటే ఎన్నడూ కదలనిది అని అర్థం కాదు. ఆ మాట కిల్లారి చెప్పింది.

భూకంపాన్ని కొలవడం ఎలా?

లోపల రాయి పగిలిన చోటును నాభి అంటారు. దానికి నేరుగా పైన నేల మీద ఉన్న చోటు అధికేంద్రం. నాభి నుంచి తరంగాలు బయలుదేరుతాయి. మొదట వచ్చేవి ప్రాథమిక తరంగాలు. ఇవి భూపటలంలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోతాయి. వెనక వచ్చేవి ద్వితీయ తరంగాలు, సెకనుకు సుమారు 3.5 కిలోమీటర్లు. ఇవి నేలను అడ్డంగా ఊపుతాయి, నష్టం ఎక్కువగా వీటితోనూ, వీటి వెనక నేల పైపొరలో వచ్చే ఉపరితల తరంగాలతోనూ జరుగుతుంది.

ఇప్పుడు లెక్క చేద్దాం. మేడారం నుంచి చిన్నకోడూరుకు 140 కిలోమీటర్లు అనుకుంటే, మొదటి తరంగం 140ని 6తో భాగిస్తే వచ్చే 23 సెకన్లలో చేరుతుంది. రెండోది 140ని 3.5తో భాగిస్తే వచ్చే 40 సెకన్లలో. మధ్య తేడా 17 సెకన్లు. ఈ తేడాను 8తో గుణిస్తే అధికేంద్రం ఎంత దూరమో ఇంచుమించుగా తెలుస్తుంది: 17 ఎనిమిదులు 136. ఇలా కనీసం మూడు కేంద్రాల నుంచి దూరాలు తీసి, పటం మీద మూడు వృత్తాలు గీస్తే అవి కలిసే చోటే అధికేంద్రం. హైదరాబాద్ హబ్సిగూడలో 1961 నుంచి ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చేసే పనికి మూలం ఇదే. ఇప్పుడు కంప్యూటర్లు ఆ పనిని నిమిషాల్లో చేస్తాయి.

తీవ్రతను చెప్పే అంకె ఒక్కటి పెరిగితే విడుదలయ్యే శక్తి రెట్టింపు కాదు, సుమారు 32 రెట్లు అవుతుంది. ఈ లెక్కన ములుగు భూకంపం కన్నా కిల్లారి భూకంపం శక్తి 20 రెట్లకు పైనే. పైగా ములుగులో నాభి 40 కిలోమీటర్ల లోతున ఉందని జాతీయ భూకంప కేంద్రం లెక్కకట్టింది. కిల్లారిలో అది నేలకు చాలా దగ్గర. లోతున పగిలితే పైకి వచ్చేసరికి ఊపు కొంత తగ్గుతుంది, దగ్గరలో పగిలితే తగ్గడానికి దారి ఉండదు.

చెరువు నిండితే నేల కదులుతుందా?

మన మండలంలోనే చంద్లాపూర్ దగ్గర రంగనాయక సాగర్ ఉంది కాబట్టి పిల్లలు ఈ ప్రశ్న అడుగుతారు. జవాబు మహారాష్ట్రలోని కోయ్నా చెబుతుంది. అక్కడ పెద్ద ఆనకట్ట కట్టి నీళ్లు నింపాక, 1967 డిసెంబరు 11న 6కు పైబడిన తీవ్రతతో భూకంపం వచ్చి 170 మందికి పైగా చనిపోయారు. నీటి బరువు, పగుళ్లలోకి దిగే నీటి ఒత్తిడి కలిసి అప్పటికే బిగుసుకుని ఉన్న పగులును జారనిచ్చాయి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. నీరు భూకంపాన్ని పుట్టించదు, సిద్ధంగా ఉన్నదాన్ని ముందుకు తెస్తుంది. కోయ్నా జలాశయం దాదాపు 100 టీఎంసీలది, రంగనాయక సాగర్ 3 టీఎంసీలది. నీటి పరిమాణం ఒక్కటే తేల్చదు, అడుగున ఎలాంటి పగులు ఉందన్నదీ ముఖ్యం. అందుకే పెద్ద జలాశయాల చుట్టూ భూకంపమాపకాలు పెట్టి గమనిస్తారు.

నిప్పులోంచి పుట్టిన నేల

భూప్రావారంలో కొన్నిచోట్ల రాయి కరిగి శిలాద్రవం అవుతుంది. అది పైకి తన్నుకొచ్చే దారే అగ్నిపర్వతం. బయటికి వచ్చాక దాన్ని లావా అంటాం. తెలంగాణలో అగ్నిపర్వతం లేదు. కానీ అగ్నిపర్వతపు పంట మన చేతుల్లో ఉంది.

సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కింద మన ఫలకం ఉత్తరానికి సాగుతూ భూగర్భంలోని ఒక వేడిచోటు మీదుగా పోయింది. ఆ వేడిచోటు ఇప్పుడు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి కింద ఉందని, ఆ దీవిలోని అగ్నిపర్వతం ఇంకా మండుతోందని శాస్త్రవేత్తలు చెబుతారు. అప్పుడు నేల చీలికల్లోంచి పొరలు పొరలుగా లావా పొంగింది. ఈనాటికీ మిగిలిన ఆ నల్లరాయి 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. పడమటి కనుమల్లో దాని మందం 2 కిలోమీటర్లు దాటుతుంది. మన వైపు జహీరాబాద్, వికారాబాద్ దాకా దాని అంచు వచ్చింది. ఆ రాయి చివికితే నల్లరేగడి అయింది, పత్తి పండింది. గ్రానైట్ చివికితే ఎర్ర చెలక అయింది. రైతు చెలక, రేగడి అని రెండు మాటల్లో చెప్పేది కోట్ల ఏళ్ల భూమి చరిత్రే.

మదీనా వెళ్లివచ్చినవారిని అడగండి, నగరం చుట్టూ నల్లటి రాతి మైదానాలు చూశామంటారు. అరబ్బీలో వాటిని హర్రా అంటారు. అవి చల్లారిన లావా. క్రీ.శ. 1256లో, హిజ్రీ 654లో, మదీనాకు ఆగ్నేయాన నేల చీలి లావా పొంగింది. ముందు కొన్ని రోజులు నేల అదిరింది. తరువాత 52 రోజులు లావా పారి, నగరానికి సుమారు 8 కిలోమీటర్ల దూరంలో ఆగింది. ఆనాటి చరిత్రకారులు దాన్ని రాసిపెట్టారు. 2009లో సౌదీ వాయవ్యంలోని హర్రత్ లునయ్యిర్ కింద వేలాది చిన్న భూకంపాలు వచ్చాయి. శిలాద్రవం పైకి వస్తోందని గుర్తించి అల్ ఐస్ ప్రాంతంలోని వేలాది మందిని ముందే తరలించారు. లావా బయటికి రాలేదు, జనం తిరిగి ఇండ్లకు చేరారు. శాస్త్రం ముందుగా పలికితే ఎంత మేలో దీన్ని బట్టి తెలుస్తుంది.

మన దేశంలో మండే అగ్నిపర్వతం ఒక్కటే, అండమాన్ సముద్రంలోని బారెన్ దీవి. నూరేళ్లకు పైగా నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది. ఆ సముద్రపు అంచునే, సుమత్రా దగ్గర, 2004 డిసెంబరు 26న వచ్చిన 9.1 తీవ్రత భూకంపం సునామీ అయి ఆంధ్ర తీరాన్నీ తాకింది. ఆ తరువాతే, 2007లో, హైదరాబాద్‌లోని జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రంలో సునామీ ముందస్తు హెచ్చరిక వ్యవస్థ మొదలైంది.

కిల్లారి నేర్పిన పాఠం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. కిల్లారిలో అంతమంది ఎందుకు చనిపోయారు? భూకంపం పెద్దది, నాభి దగ్గర, వేళ చీకటి. ఇవన్నీ నిజమే. కానీ జనాన్ని చంపింది ఇండ్లు. చెక్కని బండరాళ్లను మట్టితో పేర్చిన లావు గోడలు, వాటిపై దూలాలు వేసి మందంగా మట్టి పరిచిన కప్పులు. ఎండాకాలం చల్లగా ఉండే ఇండ్లే ఆ తెల్లవారుజామున సమాధులయ్యాయి. మన పాత మిద్దె ఇండ్లు గుర్తున్నవారికి ఆ ఇండ్లు ఎలా ఉండేవో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంకొక సంగతి. అప్పటి దేశ భూకంప పటంలో కిల్లారి అతి తక్కువ ప్రమాదం ఉన్న మొదటి మండలంలో ఉంది. తరువాత, 2002లో, ఆ మొదటి మండలాన్నే పటం నుంచి తీసేసి రెండులో కలిపారు. 2016 నాటి ప్రమాణాల ప్రకారం తెలంగాణలో ఎక్కువ భాగం రెండో మండలం, గోదావరి లోయ వైపు తూర్పు భాగం మూడో మండలం. రెండో మండలం అంటే ప్రమాదం తక్కువ అని అర్థం, ప్రమాదం లేదని కాదు.

దాతలకు, నిర్వాహకులకు

ఈ సంచిక చదివే పెద్దల్లో చాలామంది ఎక్కడో ఒక తరగతి గదికి, వసతిగృహానికి, ప్రహరీగోడకు చేయి వేసినవారే. 2001 జనవరి 26న గుజరాత్‌లోని అంజార్‌లో గణతంత్ర దినోత్సవ ఊరేగింపులో నడుస్తున్న బడిపిల్లలు ఇరుకు సందులో ఉన్నారు. రెండువైపులా ఇండ్లు కూలి 180 మందికి పైగా పిల్లలు, వెంట ఉన్న ఉపాధ్యాయులు చనిపోయారు. ఇచ్చే ప్రతి రూపాయి గోడగా మారేటప్పుడు ఆ గోడ ఎలా లేస్తోందో అడిగే హక్కు, బాధ్యత ఇచ్చినవారికి ఉన్నాయి. మేస్త్రిని, ఇంజినీరును ఈ మాటలు అడగండి:

పునాదిపైన, కిటికీ తలుపులపైన, కప్పు కింద ఇనుప కడ్డీలతో కాంక్రీటు బెల్టు గది చుట్టూ తెగకుండా తిరిగిందా? తలుపు మీద ముక్కలుగా వేసిన లింటల్ ఆ పని చేయదు.

గోడలు కలిసే మూలల్లో నిలువు కడ్డీలు ఉన్నాయా? పిల్లర్ రింగుల కొనలు లోపలికి పూర్తిగా వంచారా?

రాతిగోడ అయితే రెండు ముఖాలనూ కలిపే అడ్డురాళ్లు వేశారా? కాంక్రీటుకు సరిపడా రోజులు నీళ్లు పట్టారా?

పై అంతస్తు తరువాత వేయాలనుకుంటే పునాది దానికి తగ్గట్టే వేశారా? తలుపులు బయటికి తెరుచుకుంటాయా? నీళ్ల ట్యాంకు, పిట్టగోడ, పుస్తకాల బీరువా గట్టిగా బిగించారా?

వీటికయ్యే అదనపు ఖర్చు మొత్తం కట్టడంలో చిన్న భాగమే. అదే రంగులకు, ముఖద్వారానికి పెట్టేకన్నా ముందు ఇక్కడ పెట్టాలి. దాత పేరు రాసిన శిలాఫలకం నిలవాలన్నా ముందు గోడ నిలవాలి.

విద్యార్థులకు

తరగతి గదిలో ఉండగా నేల అదిరితే పరుగెత్తవద్దు, తోపులాటలోనే దెబ్బలు తగులుతాయి. బెంచీ కింద దూరి, తల కాపాడుకుని, బెంచీ కాలు పట్టుకోండి. అదురు ఆగాక వరుసగా మైదానానికి వెళ్లండి. గోడలకు, కరెంటు స్తంభాలకు దూరంగా నిలబడండి. పాత మట్టి ఇంట్లో తలుపు పక్కనే ఉంటే వెంటనే బయటికి రండి. ఒకసారి అదిరాక మళ్లీ చిన్న అదురులు రావచ్చు, పగిలిన ఇంట్లోకి వెంటనే పోవద్దు. ఫలానా రోజు ఫలానా గంటకు భూకంపం వస్తుందని వాట్సాప్‌లో వస్తే నమ్మవద్దు, ఎవరికీ పంపవద్దు. రోజు, గంట ముందే చెప్పగల శాస్త్రం ఇప్పటిదాకా ఎవరి దగ్గరా లేదు.

ఇంటిదగ్గర చేయండి:

1. భారత ఫలకం ఏడాదికి 5 సెంటీమీటర్ల చొప్పున జరిగితే 100 కిలోమీటర్లు జరగడానికి ఎన్నేళ్లు పడుతుంది?

2. ఒక భూకంపంలో రెండు తరంగాల మధ్య తేడా 30 సెకన్లు. అధికేంద్రం ఎంత దూరం? చిన్నకోడూరు నుంచి పడమరకు అంత దూరంలో, ఈ పాఠంలో చెప్పిన ఊరు ఏది?

3. చెలక మట్టి, రేగడి మట్టి వేర్వేరు గ్లాసుల్లో నీళ్లలో కలిపి ఒక రాత్రి ఉంచండి. ఏది త్వరగా తేటపడింది? ఎందుకు?

4. మీ బడి గోడల మీద కిటికీల పైన బెల్టు గది చుట్టూ తిరిగిందో లేదో చూసి, చూసింది రాసి, మీ ప్రధానోపాధ్యాయులకు ఇవ్వండి.

నాలుగో ప్రశ్నకు మార్కులు లేవు. కానీ మిగతా మూడింటికన్నా దాని జవాబు కోసమే ఈ పాఠం రాశాం.